పాలు ముట్టినవాళ్లు

ఈశ్వరి మిషన్ ముందర నిలబడి ఫోన్ చూస్తా ఉండెనంట, అందుకే చెయ్యి పోయెనంట. ఈ మాట మిల్లు గేటుకు ఎదురుగా టీ బండి పెట్టుకున్న సీతాబాయి చెప్పిందట. సీతాబాయికి వాచ్‌మన్ పెండ్లాం చెప్పిందట. ఆమెకెవరు చెప్పారని అడిగితే, "అందరూ అంటాండారు గదమ్మా" అందట. మధ్యాహ్నానికి ఆ ఫోన్‌లో సినిమా వచ్చి చేరింది. సాయంత్రానికి సినిమా పోయి, మొగుడు కాని మగవాడొకడు వచ్చి చేరాడు. ఆదోని పత్తి మార్కెట్టు చుట్టుపక్కల మాట కూడా దూది లాంటిదే. ఎవరి నోట్లో పడితే వాళ్లు ఏకి వదులుతారు.

ఆస్పత్రి నుంచి తిరిగి వస్తూ, ఈశ్వరితో పాటు మిల్లులో పనిచేసే దేవక్క ఈ మాట టీ బండి దగ్గరే విన్నది. గ్లాసు కింద పెట్టింది.

"ఆ పిల్లకు ఫోనే ల్యాదు సీతాబాయీ. ఉండేది దాని మొగుని దగ్గర. వాడు గుంటూరులో మిరపకాయలు కోస్తాండాడు."

"నాకేం తెలుసమ్మా, నేను విన్నది సెప్పినా" అని సీతాబాయి చక్కెర డబ్బా మూత బిగించుకుంది.

జరిగినప్పుడు దేవక్క చేతికందే దూరంలో ఉంది. గింజ తీసి దూది వేరుచేసే జిన్నింగ్ మిషన్‌కు రెండు రోలర్లు. వాటి మీద ఇనుప జాలీ ఒకటి ఉండాలి. జాలీ ఉంటే చెయ్యి లోపలికి పోదు. కాని సరిగా విచ్చని గుడ్డిపత్తి అడ్డం పడినప్పుడల్లా మిషన్ ఆపి, జాలీ విప్పి, తీసి, మళ్లీ బిగించాలి. అంతసేపు మిషన్ ఊరకే నిలబడుతుంది. మిషన్ నిలబడితే మేనేజరుకు కడుపునొప్పి. అందుకని దసరా దాటి పని మొదలైన రోజే జాలీలన్నీ విప్పించి గోడౌన్ మూలకు వేయించాడు. "చేత్తో లాగేయండమ్మా, చేతులుండేది ఎందుకు?" అన్నాడు. ఈశ్వరి చేత్తో లాగింది. వేళ్లు ముందు పోయాయి, తర్వాత గాజులు. అరుపు కూడా వినిపించలేదు, ఆ చప్పుడులో. దేవక్కకు కనపడింది ఒకటే. రోలరు మీద తెల్లగా వస్తున్న దూది ఎర్రగా రావడం.

ఆస్పత్రిలో డాక్టరు అడిగాడు, ఎట్లా జరిగిందని. మేస్త్రీ సుంకప్ప ముందుకొచ్చి, "ఊర్లో గడ్డి కోసే మిషన్ సార్" అన్నాడు. సుంకప్ప దేవక్క మొగుడికి అన్న. ఊరి నుంచి ఆడవాళ్లను ట్రాక్టరులో తెచ్చి మిల్లులో పెట్టేది అతనే. డాక్టరు దేవక్క వైపు చూశాడు. దేవక్క ఔననలేదు, కాదనలేదు. గోడకున్న గడియారం వైపు చూసింది. స్ట్రెచరు మీద నుంచి ఈశ్వరి మాత్రం దేవక్కనే చూస్తూ ఉంది.

బయటికొచ్చాక సుంకప్ప అన్నాడు: "సీజను అయ్యేదాకా ఎవురూ నోరు తెరవగూడదు దేవక్కా. పాలబాస చేసినారు. మతికుందా?"

మతికి లేకేం. ఆ పాలు పితికి తెచ్చింది దేవక్కే.

వాళ్లది హాలహర్వి దాటినాక కన్నడ సీమ అంచున ఉండే ఊరు. మిద్దెక్కితే దేవరగట్టు కొండ కనబడుతుంది. దసరా నాడు కర్రల సమరానికి కట్టెలు పట్టే ముందు ఆ కొండ కింది ఊళ్లవాళ్లు పాలు ముట్టి బాస చేస్తారు. ఉత్సవం ముగిసేదాకా మనమంతా ఒకటే, ఒకరినొకరు విడవమని. తగాదాలున్న అన్నదమ్ములు కూడా ఆ పాలు ముట్టినాక ఒక్క మాట మీద ఉంటారు. తప్పితే వంశం నిలవదని నమ్మకం. అది మగవాళ్ల బాస. ఆడవాళ్లు దూరం నుంచి చూడవలసిందే.

ఈ ఏడు మిల్లుకు బయలుదేరే ముందు సుంకప్ప అందరినీ తన ఇంటి ముందర నిలబెట్టి, "ఈసారి ఆడోళ్లు గూడా పాలు ముడతారు, తక్కువేమి?" అన్నాడు. ఉగాది దాకా ఒక్కరూ పని విడిచి పోకూడదు, మిల్లు మాట బయట చెప్పకూడదు. అదీ బాస. దేవక్కకు ఆ పొద్దు ఎంత సంబరమయిందో! పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి దూరాన నిలబడి చూసిన పాలు. పరుగెత్తి పోయి తన ఎనుము పాలే తెచ్చింది. వెనకాడిన వాళ్ల చేతులు తానే పట్టి చెంబులో ముంచింది. ఈశ్వరి చెయ్యి కూడా. ఆ చెయ్యే.

ఉరి తాడు మనమే పేనుకుంటే, ఎంత బాగా పేనుతామో!

*

మిల్లులో బోరాలు మోసే హమాలీలకు సంఘం ఉంది. ఎర్ర తువ్వాలు, దేశమంతా ఉన్న పెద్ద ఫెడరేషన్ తాలూకు జెండా, మార్కెట్టు మూల మీద ఒక గది. వాళ్ల జట్టు పెద్ద హుసేనప్ప. మాట కటువు, మనసు మెత్తన.

"ఆదివారం ఎమ్మిగనూరులో మా మహాసభ ఉండాది. రాండి" అన్నాడు. "ఊకె ఏడ్సుకుంటా కూసుంటే జాలీలు నడుసుకుంటా వచ్చి మిషన్ ఎక్కుతాయా?"

"మేస్త్రీ యిడుస్తాడా అన్నా?"

"ఉరుకుంద ఈరన్నకు మొక్కుందని సెప్పండి. దేవుని పేరు సెప్తే వాడు అడ్డం పడడు."

అడ్డం పడలేదు. కాని దేవుడి పేరు చెప్పి దేవుడి మొహం చూడకుంటే ఎట్లా అని దేవక్క పట్టుబట్టింది. ముందు ఉరుకుందకు పోయి టెంకాయ కొట్టి, అక్కడి నుంచి ఎమ్మిగనూరు బస్సెక్కారు. బస్సులో వీణ అనే పడుచుపిల్ల, "అత్తా, ఒక అబద్దానికి ఒక టెంకాయ అయితే, మన మిల్లు షావుకారు ఎన్ని లారీలు కొట్టాల?" అంది. ఈశ్వరి చెయ్యి పోయినాక ఆడవాళ్లు నవ్వడం అదే మొదలు.

సభ నేతగాళ్ల వీధిలో ఒక పాత హాలులో. ఒకప్పుడు ఆ వీధిలో మాట వినపడాలంటే మగ్గాలు ఆగాలి. ఇప్పుడు అక్కడొకటి, ఇక్కడొకటి. వేదిక మీద పాండురంగ మాట్లాడుతున్నాడు. నేతగాడి కొడుకు, సంఘంలోనే తల నెరిసినవాడు. ఫెడరేషన్ చరిత్ర చెబుతున్నాడు.

"తెల్లదొరల కాలంలో, బొంబాయి మిల్లుల పొగ కింద పుట్టింది మన సంఘం. జైళ్లలో పెరిగింది. ఆ జెండా చూసే మన ఆదోని మిల్లుల్లో, మన ఎమ్మిగనూరు మగ్గాల్లో మనుషులు తలెత్తినారు. తర్వాత జెండా చీలింది. ఎందుకు చీలిందో ఢిల్లీలోవాళ్లకు తెలుసు. ఈడ మాత్రం ఒకే వీధిలో రెండాఫీసులు, అన్నదమ్ములు పంచుకొని నడిమింట గోడ పెట్టుకున్నట్ల. తర్వాత మిల్లులు మూతబడినాయి. నూలు వడికినోళ్లు ఆటోలు తోలినారు, వాచ్‌మన్‌లయినారు. అయినా ఈ పొద్దు దేశమంతా కలిపితే మన సభ్యులు లక్షలు!"

చప్పట్లు పడ్డాయి. వెనక వరసలో దేవక్క లేచి నిలబడింది. గొంతు అనుకున్నదానికంటే ఎక్కువే వచ్చింది.

"ఆ లచ్చల్లో మేముండామా అన్నా?"

హాలంతా వెనక్కి తిరిగింది. ఎవరో నవ్వారు. పాండురంగ నవ్వలేదు. సభ అయినాక పక్క గదికి పిలిచాడు. అంతా విన్నాడు. ఈశ్వరి సంగతి విన్నప్పుడు కళ్లద్దాలు తీసి పక్కన పెట్టాడు.

"మీ పేర్లు మిల్లు హాజరీలో ఉండాయా?"

"మా పేర్లు మేస్త్రీ నోట్లో ఉండాయి. మిల్లులో యాడుంటాయి?"

"అదే చిక్కు తల్లీ. హాజరీలో లేనోళ్లను ఆ మిల్లు కార్మికులని చూపించలేము. చూపించకుంటే మిల్లు సంఘంలో చేర్చుకోలేము. హమాలీల సంఘంలో చేరుద్దామంటే..." అని హుసేనప్ప వైపు చూశాడు.

హుసేనప్ప గడ్డం గోక్కున్నాడు. "జట్టులో చోటు నాయిన నుంచి కొడుక్కి వస్తాదక్కా. ఆడోళ్లకు లేదు. నేను పెట్టిన కట్టు కాదు."

"మరి యవురు పెట్టినారు? ఈరన్ననా?" అంది వీణ.

"ఏయ్ పిల్లా!"

"పిల్ల అన్నదాంట్లో తప్పేముండాది?" దేవక్క కొంగు దోపుకుంది. "మిల్లులో లేము. సంఘంలో లేము. జట్టులో లేము. మరి పొద్దున్నుంచి పొద్దుగూకే దాకా ఆ దుమ్ము మింగేదెవురు, మా దయ్యాలా?"

పాండురంగ కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు. తర్వాత అన్నాడు: "సరే. రేపు పని ఆపండి. జాలీలు పెట్టేదాకా లోపల అడుగు పెట్టమని నిలబడండి. కట్టు సంగతి, హాజరీ రాత సంగతి నేను చూస్తా."

అప్పుడు చెప్పింది దేవక్క పాలబాస గురించి. పాండురంగ తల పట్టుకున్నాడు.

"ఇంకా ఈ కాలంలో పాలూ పెరుగూ ఏందమ్మా!"

"నీ జెండా కింద పడితే కండ్లకద్దుకుంటావు గదన్నా. అది గుడ్డే గదా?"

పాండురంగకు కోపం రావలసింది. రాలేదు. కుర్చీ ఆడవాళ్ల దగ్గరికి జరుపుకున్నాడు. తర్వాత మెల్లగా చెప్పాడు, వేదిక మీద చెప్పని చరిత్ర.

"మా నాయిన కాలంలో మగ్గాల సమ్మె జరిగింది. షావుకారు ఒక్కొక్కరినే ఇంట్లోకి పిలిచినాడు. కాఫీ ఇచ్చినాడు. ఒక్కొక్కరి దగ్గర మాట తీసుకున్నాడు. పొద్దున్నే సూస్తే ఎవురి మగ్గంలో వాళ్లు కూసోనుండారు. ప్రతివాడూ తానొక్కడే తప్పు చేసినాననుకొని, పక్కవాని మొగం సూడలేక తల వంచుకొని నేసినాడు. మా సంఘం గెలుపులో పుట్టలేదమ్మా, ఆ సిగ్గులో పుట్టింది. తర్వాత మా నాయినోళ్లు ఒక నియమం పెట్టుకున్నారు. షావుకారికి మాట ఇచ్చేకంటే ముందు మనలో మనం మాట ఇచ్చుకోవాల. సభ్యత్వమంటే మొదట అదే. రసీదులు తర్వాత వచ్చినాయి."

తిరుగు బస్సులో నవ్వులు లేవు. ఎమ్మిగనూరుకు పోయేటప్పుడు మిల్లు తలుపు ఒకటే మూసి ఉందనుకున్నారు. ఇప్పుడు ఎన్ని తలుపులు మూసి ఉన్నాయో కూడా తెలిసింది.

*

మిల్లు గేటు దగ్గర సుంకప్ప నిలబడి ఉన్నాడు.

"ఏం దేవక్కా, ఈరన్న స్వామి ఎమ్మిగనూరులో ఎప్పుడు వెలిసినాడు?"

ఎవరు చెప్పారో తెలియదు. టీ బండి ఉండగా ఎవరో చెప్పనక్కరలేదు. ఆడవాళ్లు లోపలికి పోగానే వాళ్ల వెనకే గేటుకు తాళం పడింది. మిల్లు ఆవరణలోనే రేకుల షెడ్డు, వాళ్ల కాపురాలక్కడే. కూరగాయలకు కూడా బయటికి పోయే పని లేదని, అన్నీ లోపలికే తెప్పిస్తామని మేనేజరు చెప్పి పంపాడు. ఎంత దయ! కోళ్లకు గంపలోనే గింజలు వేస్తారు గదా.

"తెల్లారినాక మళ్లా పాలు ముడతారు" అన్నాడు సుంకప్ప. "మొదుటి బాస సడిలింది. ఈసారి గట్టిగ."

పొయ్యిల ముందర కూర్చుని ఆడవాళ్లు గుసగుసలాడుకున్నారు. ఒకామె, తన బిడ్డకు అప్పుడే జ్వరం తగిలిందని, సభకు పోయినందుకేనని ఏడ్చింది. ఇంకొకామె, "బాస తప్పినోళ్ల ఇంట్లో దీపముండదు, మా అవ్వ సెప్పేది" అంది.

"బాస తప్పేది లేదు" అంది దేవక్క. రొట్టె తట్టుతున్న చెయ్యి ఆగింది. "కాని నాకొగటి సెప్పండి. గట్టు కింద మన మగోళ్లు బాస సేసేటప్పుడు, మాట సెప్పేటోడు పాలు ముట్టడా?"

"ముట్టకుంటే ఎట్ల? అందరికంటే ముందర వాడే."

"మరి మన మేస్త్రీ ముట్టినాడా?"

పొయ్యిలో పుల్ల చిటపటలాడింది. అందరూ ఆ రోజును కళ్ల ముందరికి తెచ్చుకున్నారు.

"సెంబు పట్టుకోనుండెనే" అందొకామె.

"సెంబు పట్టుకుంటే పాలు ముట్టినట్లా? అంచు పట్టుకోనుండె. నేను సూసినా" అంది దేవక్క.

"వాడు ముట్టల్యా. తువ్వాలుతో సెయ్యి తుడుసుకున్నాడా? తుడుసుకోల్యా. తడవనే ల్యా గదా!" వీణ మోకాళ్ల మీద లేచింది. "షావుకారు ముట్టల్యా. మేనేజరు ముట్టల్యా. ముట్టింది మనమే."

"అంటే?" అంది జ్వరం బిడ్డ తల్లి.

"అంటే మనం ఒకరికొకరం బాస సేసినాం. ఒకరినొకరం యిడవమని" అంది దేవక్క. ఆ మాట అంటూండగానే ఆమెకు పాండురంగ నాన్న మగ్గం, తల వంచుకున్న మనుషులు గుర్తొచ్చారు. వాటి వెనకే ఆస్పత్రి గడియారం. "ఆ బాస మనం అప్పుడే తప్పినాం. ఈశ్వరిని గడ్డి మిషన్ దగ్గర యిడిసిపెట్టి వచ్చినాం. ఇంక సెడేదేముండాది?"

*

తెల్లవారింది. మిషన్లు ఇంకా తిరగలేదు. పత్తికుప్ప ముందర సుంకప్ప చెంబుతో నిలబడ్డాడు. వరండాలో మేనేజరు కుర్చీ వేసుకున్నాడు. గేటు బయట హమాలీలు పనికొచ్చి, తాళం చూసి ఆగారు.

"రాండి, ముట్టండి" అన్నాడు సుంకప్ప.

దేవక్క వచ్చింది. ముట్టలేదు.

"గట్టు కింద మాట సెప్పేటోడు ముందర ముడతాడు గద బావా. నువ్వు ముట్టు."

"నేనేంది ముట్టేది?"

"జాలీలు బిగిస్తామని ముట్టు. ఈశ్వరి సెయ్యి ఈ మిల్లులోనే పోయిందని యవురు అడిగినా సెప్తానని ముట్టు. దాని తర్వాత మేమంతా ముడతాం. ఉగాది దాకా కాదు, ఏడాది పొడుగునా సేస్తాం."

సుంకప్ప చెంబులోకి చూశాడు. వరండా వైపు చూశాడు. మేనేజరు కాలు మీద కాలు మార్చుకున్నాడు. సుంకప్ప గొంతు తగ్గించాడు, బావా మరదళ్లు ఇంట్లో మాట్లాడుకున్నట్లు:

"నేను ముడితే నాకు మేస్త్రీపని ఉండదు దేవక్కా. నీకు తెలుసు. నా నోట్లో మన్ను కొట్టొద్దు."

"తెలుసు బావా. నిన్ను గూడా ఈ గేట్లోనే పెట్టి తాళం వేసినారు. నువ్వే తాళంచెవి అనుకుంటాండావు, అంతే."

సుంకప్ప చెంబు నేల మీద పెట్టాడు. రెండడుగులు వెనక్కి వేశాడు. ముట్టలేదు. ఆ ఊరివాడు ఎంత చెడ్డా పాలు ముట్టి అబద్ధమాడలేడు. సుంకప్పలో మిగిలిన మంచి అదొకటే.

దేవక్క కూర్చుని చెయ్యి పాలల్లో పెట్టింది. "జాలీలు పెట్టేదాకా, ఈశ్వరి సంగతి నిజం రాసేదాకా, మా పేర్లు హాజరీలో ఎక్కేదాకా మిషన్ ముట్టం. ఒకరినొకరం యిడవం." వీణ ముట్టింది. జ్వరం బిడ్డ తల్లి బిడ్డను చంకన పెట్టుకొనే వచ్చి ముట్టింది. ఒకరి తర్వాత ఒకరు. చేతుల మీద దూది, దూది మీద పాలు.

"నా సెయ్యి అందడంల్యా!" గేటు బయటి నుంచి కేక. హుసేనప్ప. ఇనుప కడ్డీల సందులో నుంచి భుజం దాకా దూర్చాడు. "సెంబు ఇట్ల తేండమ్మా."

"జట్టులో ఆడోళ్లకు చోటు లేదంటివి గదన్నా" అంది వీణ, చెంబు దూరంగానే పట్టుకొని.

"చోటు లేకుంటే జరుగుతాంలే. తేమ్మే ముందర!"

అతను ముట్టాడు. వెనక ఉన్నవాళ్లు ఒకరినొకరు తోసుకుంటూ కడ్డీల్లోకి చేతులు పెట్టారు. ఒక ముసలి హమాలి మాత్రం తువ్వాలు దులుపుకొని పక్కకు పోయాడు, ఆడవాళ్ల పాలు తాను ముట్టనని. పోనీ, అందరూ ఒకనాడే వస్తారా.

మిషన్లు తిరగలేదు. పత్తి లారీలు రోడ్డు పొడుగునా నిలిచాయి. ఆడవాళ్లు కుప్ప ముందర కూర్చున్నారు. ఎండ ఎక్కేసరికి పాండురంగ ఎమ్మిగనూరు నుంచి వచ్చాడు, ఆయన వెనకే పోలీసు జీపు వచ్చింది. తాళం మొదటిసారి జీపు కోసం తెరుచుకుంది.

మేనేజరు ఎదురుపోయి చేతులు కట్టుకున్నాడు. "ఈళ్లు మా మిల్లు మనుషులు కాదు సార్. హాజరీ సూడండి, ఒక్క పేరుంటే అడగండి. యాడినుంచో వచ్చి లోపల సొరబడినారు."

రాత్రి తాళం వేసిన వాచ్‌మన్ నేల చూపులు చూశాడు.

ఎస్సై గేటు బయటికి చూశాడు. "ఏమయ్యా పాండురంగా, మీ యూనియన్‌వాళ్లా వీళ్లు?"

పాండురంగ నోరు తెరిచి, ఒక్క క్షణం ఆగాడు. ఆ క్షణంలో అంత పెద్ద చరిత్రా ఆయన గొంతులో అడ్డం పడ్డట్టుంది. గేటు దగ్గరే ఉండిపోయిన చెంబును హుసేనప్ప ఆయన ముందర పెట్టాడు. అడుగున కొంచెం మిగిలాయి. పాండురంగ వేళ్లు ముంచాడు.

"మావాళ్లే సార్."

"రసీదులున్నాయా?"

"లేవు."

"అదీ సంగతి." ఎస్సై లాఠీ చంకలో పెట్టుకొని ఆడవాళ్ల వైపు తిరిగాడు. ముందర కూర్చున్న దేవక్కను చూపించాడు. ఒక కానిస్టేబులమ్మ వచ్చి ఆమె రెట్ట పట్టుకుంది. ఆడవాళ్లంతా ఒక్కసారే లేచి ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు. లాగితే వరసంతా కదిలింది.

"మిల్లు రికార్డులో లేవు. యూనియన్‌లో లేవు. అంటే నువ్వు ఇక్కడ పనిచేసే మనిషివే కాదు. ఏం, వినపడిందా? ఇక్కడ లేని మనిషివి!" అన్నాడు ఎస్సై.

దేవక్క జీపు వైపు చూడలేదు. మేనేజరు వైపు చూడలేదు. షెడ్డులో జాలీ లేకుండా నోరు తెరుచుకున్న మిషన్ వైపు చూసింది.

"మేమీడ లేకుంటే, ఆ మిషన్‌లో పోయిన సెయ్యి యవురిది సార్?"